డ్రమ్‌గారి గుట్ట మీద గుండ్రం

ఐర్లండ్‌లో రాస్‌కామన్ అని ఒక జిల్లా ఉందనీ, అక్కడివాళ్ళు జిల్లాను కౌంటీ అంటారనీ, ఆ కౌంటీలో డ్రమ్‌గారి అనే పల్లెకు ఆనుకుని ఒక గుట్ట ఉందనీ ఖతర్ దేశపు లుసైల్‌లోని ఆ సర్వే ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. టీ కాచే నేపాలీ భాయికి కూడా తెలుసు. ఇదంతా మేనేజర్ ఫింటన్ పుణ్యం. మనిషి మంచివాడే, పనిమంతుడే. గుట్ట మాట ఎత్తితే మాత్రం ఎదుటివాడు టీ చల్లార్చుకోవాల్సిందే.

ఆయన చిన్నప్పుడు ఒక చలికాలం పొద్దున గడ్డి మీద మంచు పేరుకుని, సూర్యుడు ఇంకా నేలను పాకుతూ వస్తున్న వేళ, ఆ గుట్ట నెత్తిన గుండ్రంగా ఒక నీడ గీత కనబడిందట. ఒక్కసారే కనబడింది. ఎండెక్కేసరికి మాయమైంది. మళ్ళీ ఎన్ని చలికాలాలు కాపు కాసినా దర్శనమివ్వలేదు.

ఆ దేశంలో అలాంటి మట్టి గుండ్రాలు వేలకు వేలున్నాయి. కొన్ని వెయ్యేళ్ళ కిందట రైతులు ఇళ్ళ చుట్టూ పోసుకున్న కట్టలు. కొన్ని అంతకంటే ఎంతో పాతవి, ఎవరు ఎందుకు పోశారో తెలియనివి. వాటిలో కంటికి కనబడని పొట్టి మనుషులు కాపురముంటారని జనం నమ్మకం. అందుకని అక్కడ నాగలి పెట్టరు, ముళ్ళచెట్టు కొట్టరు. సర్కారు వారు ప్రతి గుండ్రానికీ పటంలో ఒక ఎర్ర చుక్క పెట్టి కాపాడుతున్నారు. డ్రమ్‌గారి గుట్ట మీద మాత్రం ఆ చుక్క లేదు. ఫింటన్ సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఊళ్ళోని చరిత్ర సంఘం మీటింగులో లేచి నిలబడి "గుండ్రం ఉంది, నేను చూశాను" అనడం, మిగతావాళ్ళు ముసిముసిగా నవ్వుకోవడం ఆనవాయితీ. సంఘానికి ప్రెసిడెంటు బ్రీజ్ అని ఒక రిటైరైన టీచరమ్మ. ఆవిడ నవ్వేది కాదు గాని, "చూపించు నాయనా, నేనే దగ్గరుండి చుక్క పెట్టిస్తాను" అని ముగించేది.

ఈ వేడుక ఇంకెన్నేళ్ళయినా సాగేదే. కానీ ఈ ఏడు ఆ గుట్టను ఒక కంకర కంపెనీ కొనేసింది. తవ్వుకుంటామని కౌంటీ ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. అభ్యంతరాలుంటే ఫలానా శుక్రవారం సాయంత్రంలోగా చెప్పుకోండి అని ఆఫీసువాళ్ళు ప్రకటించారు. ఆ గడువు దాటితే గుట్ట లారీలెక్కడం ఖాయం.

అప్పుడు ఫింటన్ వచ్చి మరీహా కుర్చీ పక్కన నిలబడ్డాడు.

మరీహాది జనగామ దగ్గరి పల్లె. ఆ ఆఫీసులో లైడార్ పని ఆమెది. విమానం మీంచో డ్రోన్ మీంచో నేల మీదికి లేజర్ కొడితే కోట్లకొద్దీ చుక్కలు తిరిగొస్తాయి. వాటిలోంచి చెట్లనూ, ఇళ్ళనూ, కార్లనూ, ఒంటెలనూ ఏరి పారేసి వట్టి నేలను మిగల్చాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే గాని రాళ్ళే ఎక్కువుంటాయి. ఆ పనిలో ఆమె చెయ్యి చాలా వేగం.

ఫింటన్ గుట్ట పురాణాన్ని మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటూ వినేవాళ్ళు. మరీహా మాత్రం నిజంగానే వినేది. వాళ్ళ ఊరి వెనకాల రాకాసి గుళ్ళుండేవి. గుండ్రంగా పాతిన బండరాళ్ళు, నడుమ నాలుగు సల్పలతో, అంటే పలక బండలతో, కట్టిన చిన్న గది. అవి వేల ఏళ్ళనాటి సమాధులని ఆమె డిగ్రీలో ఉండగా చదివి, ఊరికి పరుగెత్తుకెళ్ళి చూస్తే ఏముంది? కంకర క్రషర్‌వాడు అప్పటికే ఆఖరి బండను కూడా మింగేశాడు. ఎవరూ ఒక్క ఫోటో తీసిపెట్టలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఫింటన్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. వాళ్ళ దేశంలో కూడా మూడు రాళ్ళ మీద బల్లలా పరిచిన బండలుంటాయట, వాటిని రాక్షసుల సమాధులే అంటారట. ఆ రోజు నుంచి ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది.

ఆమె అంతకుముందే ఆయనకు ఒక పని చేసిపెట్టింది. ఆయన కట్టుకోబోయే ఇంటికి ప్లాను గీసింది. ఐర్లండ్ మనిషైనా, కోరుట్ల మనిషైనా గల్ఫ్‌లో ఏళ్ళకేళ్ళు ఉండిపోయేది ఇంటికోసమే కదా. గుట్ట పాదాన తండ్రి ఇచ్చిన ముక్క ఒకటుంది ఫింటన్‌కు. అద్దె ఇళ్ళలో విసిగిపోయిన భార్య ఓర్లాకు వంటింటి కిటికీలోంచి గుట్ట కనబడాలి. ఆ కిటికీని ఎన్నిసార్లు అటూ ఇటూ జరిపిందో మరీహాకే తెలుసు. ఆ ప్లాను కూడా ఇప్పుడు అదే కౌంటీ ఆఫీసులో అనుమతికోసం ఎదురుచూస్తోంది.

"వరదల సర్వేకోసం మా ప్రాంతమంతా విమానంతో కొలిచారు. చుక్కలు ఎవరైనా దింపుకోవచ్చు. ఆ గుట్ట మీద గడ్డీ పొదలూ తీసేసి నేల చూపిస్తావా?" అని అడిగాడు ఫింటన్. మేనేజర్ అడిగినట్టు లేదు, పిల్లవాడు పండక్కి బట్టలడిగినట్టుంది.

"చూపిస్త సార్. ఇదెంత పని?" అంది మరీహా.

చూపించింది కూడా. బుధవారం మధ్యాహ్నం ఆఫీసంతా ఆమె వెనక చేరింది. స్క్రీను మీద గుట్ట లేచింది. ఒలిచిన కోడిగుడ్డు కూడా అంత నున్నగా ఉండదు. గుండ్రం లేదు, సగం గుండ్రం లేదు, గీత లేదు, గీత తోక లేదు. ఫింటన్ చాలాసేపు చూశాడు. "థాంక్యూ మరీహా" అని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే బ్రీజ్ గారికి ఫోన్ చేసి, నేనే పొరబడ్డాను, అభ్యంతరం ఏమీ పెట్టొద్దు అని చెప్పేశాడు. గురువారం రోజంతా ఆయన నోటివెంట రాస్‌కామన్ అనే మాట రాలేదు. టీ కాచే భాయి కూడా బెంగపెట్టుకున్నాడు.

మరీహాకు ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. తన తప్పేమీ లేదని తెలుసు. అయినా ఒక పెద్దమనిషి చిన్ననాటి నుంచి దాచుకున్నదాన్ని నలుగురిలో అబద్ధమని తేల్చింది తన చెయ్యే కదా అని మనసు పీకుతూనే ఉంది.

శుక్రవారం సెలవు. ఏషియన్ టౌన్ గ్రౌండులో పొద్దున్నే క్రికెట్ మ్యాచి. మరీహా భర్త ఉమైర్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌను సూపర్‌వైజర్, బౌలింగ్ అంటే ప్రాణం. అదే జట్టులో వికెట్ కీపర్ రత్నకుమార్. అమలాపురం మనిషి, మరీహా ఆఫీసులోనే డ్రోన్ ఎగరేస్తాడు. మరీహా ఉమైర్ వెంట వచ్చి, నీడ ఉన్న మెట్టు చూసుకుని, ఫ్లాస్కులోని చాయ్ వంచుకుంటూ కూర్చుంది. ఆట మీద ధ్యాస లేదు.

ముందు రోజు గాలి దుమారం రేగింది. బౌండరీ తాడు పొడుగునా ఇసుక సన్నటి కట్టలా పేరుకుపోయింది. గ్రౌండు చుట్టూ గుండ్రంగా, మోకాలి ఎత్తు కూడా లేని మెత్తటి కట్ట. ఇద్దరు బంగ్లాదేశ్ మనుషులు పెద్ద చీపుర్లు పట్టుకుని దాన్ని ఊడ్చుకుంటూ వస్తున్నారు. వాళ్ళు నడిచినంత మేరా కట్ట మాయమై నేల నున్నగా అవుతోంది. మరీహా ఊరికే చూస్తోంది. చూస్తూ చూస్తూ చాయ్ కప్పు నోటి దగ్గరే ఆపేసింది.

గుండ్రం. మోకాలెత్తు కట్ట. ఊడ్పు.

"యా అల్లా!" అని ఆమె లేచిన లేవడానికి ఫ్లాస్కు మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

సంగతేమిటంటే, ఖతర్‌లో గాలికి ఇసుక ఎక్కడపడితే అక్కడ పోగవుతుంది. కంచె పక్కన, రోడ్డు అంచున, రెండు రోజులు కదలని లారీ కింద. ఇవాళ ఉన్న పోగు రేపుండదు. పటంలో అది ఎవడిక్కావాలి? అందుకని వాళ్ళ ఆఫీసులో ఏ సర్వే చుక్కలొచ్చినా మొదట చేసే పని ఒకటుంది. మోకాలికంటే తక్కువ ఎత్తులో, మెత్తగా వాలిన ప్రతి కట్టనూ కంప్యూటరే ఏరి చదును చేసేస్తుంది. దానికి రత్నకుమార్ పెట్టిన పేరు ఇసుక ఊడ్పు. రోజూ తలుపు తీసి లోపలికొచ్చినట్టు ఆ బటన్ నొక్కడమే, దాని గురించి ఎవరూ ఆలోచించరు. మరీహా కూడా ఆలోచించలేదు. ఐర్లండ్‌లో ఇసుక దుమారాలుండవు. అక్కడ మోకాలెత్తు మెత్తటి కట్ట ఉందంటే అది వేల ఏళ్ళ వానకు అరిగిపోయిన మనిషి చేతిపని. దాన్ని కూడా ఇసుకేనని ఊడ్చిపారేసింది ఆమె.

మెట్లు దిగి, బౌండరీ దాటి, తిన్నగా పిచ్ మీదికే పరిగెత్తింది. ఉమైర్ బౌలింగ్ రనప్‌లో ఉన్నాడు. భార్య ఎదురొస్తుంటే కాళ్ళు తడబడి ఆగిపోయాడు.

"ఏమైందే? ఎవరికేమైంది?"

"ఎవ్వరికేం కాలే! రత్నమన్నా, కార్ తాళాలు ఏడున్నయ్? ఆఫీసుకు పోవాలె. యల్లా, యల్లా!"

"ఇప్పుడాండీ?" అన్నాడు రత్నకుమార్ గ్లౌజులు తియ్యకుండానే. "శుక్రవారం కదండీ మరీహా గారూ, ఆఫీసుకి తాళం ఉంటాది."

"గుండ్రమున్నదన్నా! నేనే ఊడ్చేసిన. ఇసుక ఊడ్పు కొట్టిన ఆ గుట్ట మీద!"

రత్నకుమార్ నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. విషయం బుర్రకెక్కడానికి అంతసేపే పట్టింది. ప్యాడ్లతోనే పార్కింగు వైపు పరుగు లంకించుకున్నాడు. వెనకనుంచి ఉమైర్ "అరే, ఓవర్ల ఇంకా రెండు బాల్సున్నయ్! కీపింగ్ ఎవడు జేస్తడు?" అని అరుస్తూనే ఉన్నాడు.

కారు లుసైల్ వైపు దూసుకుపోతుంటే మరీహా ఫింటన్‌కు ఫోన్ చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారికి ఎత్తి, ఆయాసపడుతూ హలో అన్నాడు. సముద్రం ఒడ్డున జాగింగ్‌లో ఉన్నాడట.

"సార్, గుట్ట నున్నగా లేదు. నున్నగా చేసింది నేను. మన ఇసుక ఫిల్టర్ వేసేశాను. ఆఫీసుకు రండి."

అవతల ఆయాసం కూడా ఆగిపోయింది. తరవాత బూట్ల చప్పుడు మాత్రం వినిపించింది. ఫోన్ పెట్టెయ్యడం మరచిపోయి పరిగెత్తుతున్నాడు మహానుభావుడు.

ఆఫీసు బిల్డింగు కింద గౌస్ మొహియుద్దీన్ కుర్చీ వేసుకుని కూర్చునున్నాడు. బోధన్ నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు. ప్యాడ్లు కట్టుకున్న మనిషినీ, రొప్పుతున్న ఆడమనిషినీ చూసి లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"జుమ్మా దినం ఆఫీస్ మాఫీ, లేదు అమ్మా. చాబీ ఇయ్యొద్దని ఆర్డరున్నది."

"భాయ్, మేనేజర్ వస్తున్నడు."

"అచ్చినంక తీస్త."

"గౌస్ భాయ్, ఒక గుట్టని కాపాడాలండీ బాబూ!" అని మొత్తుకున్నాడు రత్నకుమార్.

"గుట్టనా? ఖతర్‌ల గుట్టలేడియి?" అన్నాడు గౌస్. అన్యాయమైన ప్రశ్న కాదది. చివరికి మరీహా తన ఫోనే ఆయన చెవికి పెట్టింది. అందులోంచి ఫింటన్ పరిగెత్తుతూనే "ఓపెన్! గౌస్, ఓపెన్!" అని కేక పెట్టాడు. తాళం తీశాడు గాని వీళ్ళకు మతులు పోయాయని గౌస్‌కు అప్పుడే ఖాయమైపోయింది.

మరీహా మెషిన్ ముందు కూలబడి గుట్ట చుక్కలను మళ్ళీ తెరిచింది. ఇసుక ఊడ్పు తీసేసింది. గడ్డి, పొదలు, గొర్రెలు మాత్రం ఏరమని చెప్పి నొక్కింది. స్క్రీను కింద పచ్చగీత కదలడం మొదలైంది. నత్తకైనా దానికంటే తొందరుంటుంది. రత్నకుమార్ ప్రార్థన చేస్తున్నాడో, గీతను తిడుతున్నాడో గాని పెదాలు కదుపుతున్నాడు. మరీహా ఆ గీతనే చూస్తోంది. ఉంటుందా? లేకపోతే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని ఆయనకు చూపించాలి?

గీత నిండింది. గుట్ట బూడిదరంగులో లేచింది. పైన ఏదో గరుకుగా ఉంది గాని ఆకారం తెలియడం లేదు.

"ఎండ మార్చండి," అన్నాడు రత్నకుమార్. "ఆయన చూసింది చలికాలం పొద్దున కదా? ఆ ఎండ పెట్టండి."

ఆ బొమ్మ మీద ఎండను ఎటునుంచి కావాలంటే అటునుంచి వెయ్యొచ్చు. మరీహా నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణి దించి, తూర్పు దక్షిణాల మూల నేలకు ఆనించి పెట్టింది.

గుట్ట నెత్తిన గుండ్రం లేచి కూర్చుంది.

ఇద్దరూ ఒకేసారి అరిచారు. కింద గౌస్‌కు వినబడేంత గట్టిగా అరిచారు. గాజు పెట్టి గీసినట్టు చక్కని గుండ్రం, చుట్టూ కట్ట, కట్టకు బయట కందకం నీడ. మరీహాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. రత్నకుమార్ గ్లౌజుల చేతులతో బల్లను దబదబా బాదాడు.

"ఉందండీ బాబూ! ఉంది! పిచ్చోడు కాదండీ ఆయన!"

"ఆగన్నా, ఆగు. ఇదేంది?"

గుట్టంతా ఒక్కచోట కనబడాలని బొమ్మను వెనక్కి జరిపింది మరీహా. పైన ఉన్న గుండ్రం చిన్నది. అసలుది ఇంకోటుంది. గుట్ట పాదాన్ని మొత్తం చుట్టేసి, పొలాలను దాటి, దారిని దాటి, వడ్డాణంలా ఒక పెద్ద కట్ట. ఒకేచోట మాత్రం తెగి ఉంది. ఆ తెగిన చోట అటూ ఇటూ రెండు దిబ్బలు. అది వాకిలి. అంత పెద్దదాన్ని ఎంతమంది కలిసి, ఎన్ని తట్టలు మోసి పోశారో! ఇంతకాలం మనుషులు దాని మీదే నడుస్తూ, దాని మీదే పశువులు మేపుతూ ఉన్నారు. నేల మీద నిలబడినవాడికి అది కనబడదు, అంత పెద్దది.

ఇంత సంతోషం ఆమెకు ఖతర్‌కు వచ్చాక ఎప్పుడూ కలగలేదు. సరిగ్గా ఎక్కడెక్కడ పోతోందో చూద్దామని, తను గీసిన ఇంటి ప్లానును దాని మీద వేసింది.

కుర్చీని స్క్రీనుకు ఇంకా దగ్గరగా లాక్కుంది.

వాకిలి పక్కనున్న దిబ్బ ఓర్లా వంటిల్లు. పెద్ద కట్ట ఇంటిని ఆ మూలనుంచి ఈ మూలకు కోసుకుంటూ పోతోంది. పటంలో ఎర్ర చుక్క పడ్డచోట ఆ దేశంలో గుంజ పాతడానికి కూడా అనుమతి రాదని ఫింటన్ స్వయంగా ఎన్నిసార్లు చెప్పాడో!

రత్నకుమార్ ప్యాడ్లు విప్పుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "మరీహా గారూ, ఒక మాటండీ. పై గుండ్రం కంపెనీ కొన్న నేలలోనే ఉంది. అదొక్కటీ పంపితే ఆయన మాట నెగ్గుతాది. ఇల్లూ నిలుస్తాది. కిందది మనం చూడనట్టే ఉంటే ఎవరికండీ నష్టం?"

మరీహా బొమ్మను మళ్ళీ ముందుకు జరిపింది. ఇప్పుడు స్క్రీనులో పై గుండ్రం ఒక్కటే ఉంది. ప్లానును తీసేసింది. లిఫ్టు చప్పుడైంది.

ఫింటన్ చెమటతో ముద్దయిపోయి, నిక్కరుతో, ఒక బూటు తాడు ఊడిపోయి లోపలికొచ్చాడు. స్క్రీను చూశాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తరవాత ఆ యాభై దాటిన మేనేజరు ఆఫీసు మధ్యలో చిందులు తొక్కాడు. రత్నకుమార్‌ను అమాంతం ఎత్తి దించాడు. తన భాషలో ఏదో పాడాడు, మధ్యలో ఏడ్చాడు, మళ్ళీ నవ్వాడు. గౌస్ మొహియుద్దీన్ చప్పుడు విని పైకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేను చూశాను! చిన్నప్పుడు నేను చూసింది ఇదే! పంపెయ్ మరీహా. బ్రీజ్‌కు పంపెయ్. ఇంకా గడువుంది, అక్కడ ఇప్పుడిప్పుడే తెల్లవారుతోంది, ఆవిడ పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చేస్తుంది."

పంపేస్తే అయిపోయేది. ఆయన అడిగింది అదే. మరీహా వేలు బటన్ మీదే ఉంది.

"ఇది పంపిస్తే గుట్టను ఆపుతారా సార్?" అని అడిగింది.

ఫింటన్ చెమట తుడుచుకున్నాడు. "మొత్తం ఆపరు. పైన కంచె వేసి చుట్టూ తవ్వుకుంటారు. వేరే ఊళ్ళో అట్లాగే చేశారు. కంకర గుంటలో ఒంటికాలి మీద నిలబడినట్టుంది పాపం అక్కడి గుండ్రం. ఏం చేస్తాం, అదైనా మిగులుతుంది కదా."

క్రషర్‌వాడు కూడా ఒక బండను మిగిల్చి ఉంటే తను అదైనా మిగిలిందని మురిసిపోయేదా? మరీహాకు తన మీద తనకే కోపమొచ్చింది. పక్కనుంచి రత్నకుమార్ వద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

"సార్, ఆగండి. ఇంకున్నది," అని బొమ్మను వెనక్కి జరిపింది.

ఫింటన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెద్ద కట్టను చూశాడు. ఈసారి గంతులు వెయ్యలేదు. దేవుడి ముందు నిలబడ్డవాడిలా ఊపిరి బిగబట్టి, వేలితో స్క్రీను మీదే దాని చుట్టూ తిరిగాడు. వాకిలి దగ్గరికొచ్చి ఆ వేలు ఆగింది. ఆ దారి, ఆ వాగు మలుపు ఆయనకు తెలియనివి కావు.

"నా ఇంటి గీతలు వెయ్యి," అన్నాడు.

మరీహా రత్నకుమార్ వంక చూసింది. "వెయ్యమ్మా," అన్నాడు మళ్ళీ. ఆ ఒక్క తెలుగు ముక్క ఎప్పుడు నేర్చుకున్నాడో ఏమో. ఆమె వేసింది.

కిటికీ అవతల లుసైల్ అద్దాల మేడలు ఎండలో మెరిసిపోతున్నాయి. వాటిలో ఎన్నింటికి ఫింటన్ నేల కొలిచాడో లెక్క లేదు.

గౌస్ రత్నకుమార్ పక్కకు జరిగి "క్యా హువా భాయ్?" అని చెవిలో అడిగాడు. రత్నకుమార్ ఉన్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. బొమ్మ పంపితే గుట్ట దక్కుతుంది, సార్ ఇల్లు పోతుంది. గౌస్ మొహం మారిపోయింది. బోధన్‌లో స్లాబు పడక ఆగిపోయిన ఇల్లున్నవాడతను. గబగబా ముందుకొచ్చాడు.

"సార్, నో! హౌస్ ఫస్ట్! హిల్ ఆఫ్టర్!" అని ఫింటన్ చెయ్యి పట్టుకున్నంత పని చేసి, మరీహా వైపు తిరిగాడు. "జర చెప్పమ్మా సార్‌కు. ఇల్లు కోసమే గదమ్మా మనమందరం ఈడున్నది."

మరీహా ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది.

ఫింటన్ గౌస్ చేతిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు. "నువ్వన్నది నిజమే గౌస్. నేనూ ఆ పనిమీదే వచ్చాను. కానీ చూడు, ఆ జాగా బాగుందని నాకంటే ముందే ఎవరో కనిపెట్టారు. వాకిలి కూడా నేను పెట్టుకున్న చోటే పెట్టుకున్నారు." అంటూ నవ్వాడు. నవ్వు నిజమైనదే. కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి.

తరవాత బయటికి వెళ్ళి ఓర్లాతో మాట్లాడాడు. అద్దం తలుపు అవతల ఆయన వీపు ఒక్కటే కనబడుతోంది. ముందు నిటారుగా ఉంది, కాసేపు వంగిపోయింది, చివరికి భుజాలు కుదిలించి ఏదో అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లోపలికొచ్చి, మరీహా వేలు పక్కకు జరిపి, ఇంటి గీతలు తీసేసి, పెద్ద గుండ్రం ఉన్న బొమ్మను తన వేలితోనే పంపాడు. గుండ్రంలో దేన్నీ కత్తిరించలేదు.

నలుగురూ ఫోన్ వంక చూస్తూ నిలబడ్డారు. అక్కడ ఒక టీచరమ్మ కళ్ళజోడు వెతుక్కుని, కంప్యూటర్ తెరిచి, బొమ్మ చూడాలి కదా. ఫోన్ మోగింది. ఫింటన్ స్పీకర్ పెట్టాడు.

మాట రాలేదు, కేక వచ్చింది. బ్రీజ్ గారు అరుస్తోంది, నవ్వుతోంది, ఎవరినో పేరు పెట్టి పిలిచి చూడండర్రా అంటోంది. కారు తాళాలు అంటోంది, కౌంటీ ఆఫీసు తలుపు తియ్యగానే ఇచ్చేస్తానంటోంది. "ఫింటన్, ఇంత పెద్దది మన కౌంటీలో లేదురా! గుట్టను ఇక ఎవడు ముట్టుకుంటాడో చూస్తాను!" రత్నకుమార్ గాలిలోకి గ్లౌజు విసిరాడు. గౌస్ కూడా ఆపుకోలేక చప్పట్లు కొట్టాడు.

అంతలో అవతల గొంతు తగ్గింది. ఆవిడ చూపు బొమ్మలోని వాకిలి దాకా వచ్చినట్టుంది.

"ఫింటన్... ఇక్కడ... నీ ఇల్లు రావాల్సింది కదా నాయనా?"

"ఏ ఇల్లు?" అన్నాడు ఫింటన్.